చంటిదానితో అరకు వెళ్తున్నారా?

కార్తీకం వచ్చిందంటే అరకు లోయ మీదకు మనసు పోతుంది. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు విరగబూసి ఉంటాయి. తెల్లవారుజామున మంచు కిందికి దిగి, ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనపడదు. ఇంట్లో అందరూ ఉత్సాహంగా స్వెట్టర్లు బయటికి తీస్తుంటారు. ఒళ్ళో ఏడాదిన్నర పిల్ల ఉన్న కోడలు మాత్రం, "మీరంతా వెళ్ళి రండి అత్తయ్యా, నేనూ పాపా ఇంటి దగ్గరే ఉంటాం" అనేస్తుంది.

ఆ అమ్మాయి భయమల్లా పాలకి కాదు, అన్నానికీ కాదు. రాత్రికి! డైపరు వేసి పడుకోబెట్టినా తెల్లారేసరికి పాప గౌను, దుప్పటి, తన చీర అన్నీ తడి. ఇంట్లో అయితే ఎలాగో సర్దుకోవచ్చు. రైల్లో నలుగురి మధ్య ఎలా? ఊరుకాని ఊళ్ళో, హోటలువాళ్ళ పరుపు మీద ఎలా? ఈ ఒక్క సంగతికి జడిసి రెండేళ్ళపాటు గడప దాటని తల్లులు చాలామందే ఉన్నారు. అంచేత ఈసారి అరకు దారి చెబుతూనే, దారిలో వచ్చే రాత్రుళ్ళ సంగతి కూడా చెబుతాను. వినండి.

హైదరాబాద్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. 1974 ఫిబ్రవరి 1న మొదలైన బండి అది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నంలో దింపుతుంది. అయిదేళ్ళలోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. కానీ టికెట్టు లేకపోతే బెర్తూ ఉండదు. అంటే రాత్రంతా పాప మీ పక్కనే, ఆ జానెడు బెర్తు మీదే. తడిస్తే ఇద్దరూ కలిసే తడుస్తారు! పై బెర్తు వస్తే కిందివాళ్ళతో మాట పడాల్సి వస్తుందేమోనన్న బెంగ ఒకటి. కాబట్టి టికెట్లు తీసేటప్పుడే కింది బెర్తు అడగండి.

సరే, అసలు డైపరు ఎందుకు కారుతుంది? "రాత్రి మంచినీళ్ళు ఎక్కువ తాగింది, అందుకే" అని పిల్ల మీదకు తోసేస్తాం. చాలాసార్లు కారణం అది కాదు, సైజు. పిల్ల పెరిగిపోతుంది, మనం మాత్రం పాత సైజే కొంటూ ఉంటాం. ప్యాకెట్ మీద కిలోల్లో బరువు రాసి ఉంటుంది. మీ పాప బరువు ఆ సైజుకి రాసిన అంకెల్లో పై అంచుకి చేరిందంటే, రాత్రికి వేయాల్సింది పై సైజే. తొడల మీద ఎర్రటి గీతలు పడుతున్నా, వెనక సగం పిర్ర బయటికి కనిపిస్తున్నా, బొడ్డు దాకా రావాల్సిన నడుం పట్టీ కిందికి జారుతున్నా చిన్నదైపోయినట్టే లెక్క. అలాగని మరీ వదులుదీ వేయకూడదు. తొడ దగ్గర సందు ఉంటే అక్కణ్ణించే కారుతుంది. నడుం దగ్గర మీ రెండు వేళ్ళు పట్టేలా ఉంటే చాలు.

ఇంకో చిన్న విషయం. తొడల దగ్గర సన్నటి కుచ్చులు ఉంటాయి చూశారూ? హడావిడిగా తొడిగితే అవి లోపలికి ముడుచుకుపోతాయి. తొడిగాక చుట్టూ ఒకసారి వేలు పోనిచ్చి బయటికి లాగాలి. అవి మన చీర కుచ్చిళ్ళలా అందానికి పెట్టినవి కావు, తడిని ఆపే గట్టు అదే. మగపిల్లాడైతే తొడిగేటప్పుడు అంగం కిందికి ఉండేలా చూసుకోవాలి. పైకి ఉంటే నేరుగా నడుం పట్టీలోంచే బయటికి వచ్చేస్తుంది, చొక్కా తడుస్తుంది.

ఇక సమయం. సాయంత్రం ఆరింటికి స్టేషన్లో వేసిన డైపరుతోనే రాత్రంతా గడిపేద్దామనుకుంటే కుదరదు. లోపల ఉండే పొడి తడిని పీల్చుకుని జిగురుముద్దలా అవుతుంది. అది నిండిపోయాక పిల్ల దాని మీద పడుకుని ఒత్తితే పక్కలనుంచి ఊరుతుంది. పన్నెండు గంటలు ఆగుతుందని ప్యాకెట్ మీద ఉన్నంత మాత్రాన మనం దాన్ని పరీక్షకు పెట్టక్కర్లేదు. అన్నం తినిపించి, పాలు పట్టి, కాసేపు ఆడించి, సరిగ్గా నిద్రకి ముందు కొత్తది వేయండి. బండి విజయవాడ చేరేసరికి పదకొండు ప్రాంతం అవుతుంది. అక్కడ కాసేపు ఆగుతుంది, దీపాలూ కేకలూ ఎటూ ఉంటాయి, మీకూ మెలకువ వస్తుంది. పాప నిద్ర చెడకుండా అప్పుడే ఓసారి మార్చేయచ్చు. దీనికి నిక్కరులా తొడిగేవాటికన్నా పక్కల అంటించేవి సుఖం. పిల్లని నిలబెట్టక్కర్లేదు, పైజామా మోకాళ్ళదాకా లాగితే చాలు. ఇంట్లో నిక్కరు రకమే వాడేవాళ్ళు కూడా రైలుకని రెండు మూడు అంటించేవి పెట్టుకోండి.

విజయవాడ దాటాక హాయిగా పడుకోండి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద బండి వెళ్తున్న చప్పుడుకి లేచి, చిల్లర వేసి దణ్ణం పెట్టుకునే అత్తగార్లు ఉంటారు. పాపని మాత్రం లేపకండి సుమా!

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద నూట పదిహేను కిలోమీటర్ల లోపే. కానీ చంటిపిల్లలున్నవాళ్ళకి రైలే మంచిది. ఘాట్ రోడ్డు మలుపులకి పిల్లలు వాంతి చేసుకుంటారు. కిరండోల్ వెళ్ళే పాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. పైకప్పులోంచి కూడా కొండలు కనిపిస్తాయి. ఈ లైను బైలదిల్లా ఇనప ఖనిజాన్ని జపానుకి పంపడం కోసం 1960ల్లో వేసింది. ఖనిజం కోసం తవ్విన సొరంగాలు ఇప్పుడు మన పిల్లలకి ఆటవిడుపు! యాభైకి పైగా ఉన్నాయి. బండి సొరంగంలోకి దూరగానే పెట్టెలో పిల్లలంతా ఒక్కసారి గోల పెడతారు, వెలుగు రాగానే చప్పట్లు. రెండేళ్ళ పిల్లలైతే మొదటి సొరంగానికి ఏడ్చి, అయిదో దానికల్లా తామే అరుస్తారు. బొర్రా గుహల స్టేషన్ దాటాక గాలి మారుతుంది. బ్రాడ్‌గేజ్ మార్గంలో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా చాలా ఏళ్ళు పేరు మోసిన శిమిలిగూడ వచ్చేసరికి స్వెట్టరు తీయాల్సిందే.

అరకులో పగలు ఏం చూడాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పద్మాపురం తోటలో బొమ్మరైలు, గిరిజన మ్యూజియం, చాపరాయి, థింసా నృత్యం, బొంగులో చికెన్. గుహల్లోకి మాత్రం మెట్లు ఎక్కువ, జారుడు కూడా. ఎత్తుకుని దిగేటప్పుడు మగవాళ్ళ చేతికివ్వండి, వాళ్ళూ కాస్త మొయ్యాలి కదా!

అసలు కష్టం చీకటి పడ్డాక. సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తు. డిసెంబరు, జనవరిల్లో చలి ఎముకలు కొరుకుతుంది. చలికి చెమట పట్టదు, ఆ నీరంతా మూత్రంగానే పోవాలి. విశాఖలో రాత్రికి ఒక డైపరుతో నెట్టుకొచ్చిన పిల్ల ఇక్కడ రెండు తడుపుతుంది. ఇంట్లో కారనిది ఇక్కడెందుకు కారుతోందని కంగారు పడకండి. ఇంకో చిక్కు, ఈ మంచులో తడిసిన గుడ్డ ఆరదు. పొద్దున ఆరేసిన బొంత సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. తడిబట్టల్లో పడుకున్న పిల్లకి ఒళ్ళు చల్లబడిపోతుంది, రెండో రోజుకి తిరుగుడూ ఉండదు, పూలూ ఉండవు.

"అందుకే సాయంత్రం నుంచి నీళ్ళివ్వడం మానేశాం" అంటారు కొందరు. అది తప్పమ్మా. పిల్ల నోరు ఎండగట్టి పక్క పొడిగా ఉంచుకోవడం ఏం న్యాయం? పగలంతా తిరుగుడులో పడి మనమే నీళ్ళు పట్టడం మరిచిపోతాం, ఆ దాహమంతా రాత్రి తీర్చుకుంటుంది. పగలు గంటగంటకీ నాలుగు గుక్కలు పట్టండి. రాత్రి పాలు పడుకోబోయే గంట ముందు ముగించండి. ఆ తర్వాత అడిగితే నీళ్ళివ్వండి, కాదనద్దు.

రాత్రికి లోపల అదనంగా వేసే బూస్టర్ ప్యాడ్ అని దొరుకుతుంది. అది లేకపోతే ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డని నాలుగు మడతలు వేసి డైపరు లోపల పెట్టినా కొంత పీల్చుకుంటుంది. కానీ అప్పుడు బిగుతు కాకుండా చూసుకోవాలి. ఒకదాని మీద ఇంకొకటి రెండు డైపర్లు తొడిగేవాళ్ళున్నారు. లోపలి దాని అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందులోంచి తడి రెండో దాంట్లోకి దిగదు. పక్కలనుంచి కారింది మాత్రమే అందుతుంది. డబ్బు దండగ, పిల్లకి నడక ఇబ్బంది. ఎర్రబడుతుందని క్రీము దట్టంగా మెత్తేస్తే ఆ జిడ్డంతా డైపరుకి అంటుకుని తడిని పీల్చనివ్వదు. పలచగా రాయండి. చలి అని బిగుతు ప్యాంట్లు రెండేసి తొడిగినా అవి డైపరుని నొక్కుతాయి. వదులు పైజామా, పైన ఉన్ని స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు చాలు. దోమతెర కూడా మర్చిపోకండి, ఏజెన్సీ ప్రాంతం.

ఇన్ని చేసినా ఒక్కోరాత్రి తడుస్తుంది. దానికో ఉపాయం ఉంది. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, దాని మీద ఇంకో రబ్బరు షీటు, ఆపైన ఇంకో దుప్పటి. నడిరాత్రి తడిస్తే పై జత లాగేయడమే, కింద పొడిపక్క సిద్ధంగా ఉంటుంది. దీపం కూడా వేయక్కర్లేదు. హోటలువాళ్ళ పరుపుకి చుక్క అంటదు, పొద్దున్న వాళ్ళ ముందు తల దించుకోనక్కర్లేదు. మన అమ్మమ్మలకి డైపర్లెక్కడివి? పాత నూలుచీర ఉయ్యాల కట్టి, కింద గుడ్డలు పరిచేవాళ్ళు. తడి కిందికి జారిపోయేది, పిల్ల ఒంటికి నిలిచేది కాదు. ఆ పాత చీర ముక్కలు ఓ అరడజను సంచిలో పడేసుకోండి, ఎందుకైనా పనికొస్తాయి.

మీ కూడా వచ్చిన పెద్దవాళ్ళు "మా పిల్లలు ఏడాదికే మానేశారు, దీనికింకా డైపరేంటి?" అంటారు. అననివ్వండి. పగలు చెప్పడం నేర్చుకున్న పిల్లలు కూడా రాత్రి పక్క తడపడం మానడానికి చాలా కాలం పడుతుంది. నాలుగైదేళ్ళదాకా తడిపేవాళ్ళు ఎందరో. నిద్రలో జరిగేదానికి పిల్లని కసరడం, పదిమందిలో నవ్వడం మాత్రం వద్దు. అయితే ఉన్నట్టుండి విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే, లేదా మూత్రానికి ఏడుస్తూ జ్వరం వస్తే, అది చలి అనుకుని ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుకి చూపించాలి.

వాడినవాటి మాట కూడా చెప్పాలి. రైలు మరుగుదొడ్డిలో వేయకండి, ఇప్పుడున్నవి బయో టాయిలెట్లు, ఒక్క డైపరుతో మూసుకుపోతాయి. ఆ పెట్టెలోవాళ్ళందరికీ నరకం. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కిటికీలోంచి లోయలోకి విసిరేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. చుట్టి, పాత పేపర్లో కట్టి, సంచిలో దాచి, చెత్తకుండీ కనిపించినప్పుడు వేయండి. మూతి బిగించే సంచీ ఒకటి విడిగా ఉంటే వాసన రాదు.

రాత్రి రెండింటికి ఓసారి డైపరు మీద చెయ్యి వేసి చూడండి. బరువుగా ఉంటే మార్చి, మళ్ళీ ముసుగు తన్నండి. ఆరున్నరకి పాప పొడి బట్టలతో లేస్తుంది. అప్పుడు శాలువాలో చుట్టి బయటికి తీసుకెళ్ళండి. మంచు విడుతూ ఉంటుంది, వలిసె చేల పక్కన పసుపు ఒక్కొక్క మడీ బయటపడుతుంది. మీరు వేడివేడి అరకు కాఫీ తాగుతుంటే పాప పువ్వు కోసం చెయ్యి చాపుతుంది. చేలో దిగి తొక్కకండి, అది గిరిజనుల పంట, ఆ గింజల్లోంచి నూనె తీస్తారు. గట్టు మీద నిలబడే ఫోటో తీసుకోండి.