చెట్టిపాళయంలో నాలుగు ఉదయాలు

మధురలో పుట్టి, మధురలోనే గుమాస్తాగా నలభై దాటిన మాకు కోయంబత్తూరు అంటే మేనమామ ఊరు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామందికి ఈ రెండు ఊళ్ళ నడుమ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నవే గనుక, ఇంతకంటే పరిచయం అక్కరలేదు.

మొన్న ఆడి నెలలో వారం దినాలు సెలవు పెట్టి సకుటుంబంగా బయలుదేరాము. పోయినది పెండ్లికి కాదు, సీమంతానికీ కాదు. అత్త ఫోను చేసి, "మీ మామ తెల్లవారక ముందే కర్రలు ఎత్తుకొని పోతా ఉండాడురా. వచ్చినాక ముఖం గంటు పెట్టుకొని కూర్చుంటాడు. అడిగితే చెప్పడు. నువ్వయినా వచ్చి చూడు" అన్నది. కర్రలనగా గోల్ఫు కర్రలు. డెబ్బై ఏండ్ల మనిషికి గోల్ఫు వలన వచ్చిన దిగులేమిటో మాకు అంతుపట్టలేదు.

రైలు దిండిగల్లు మీదుగా పళని చేరగానే మా ఇంటామె కిటికీలోంచి కొండకు చేతులు జోడించింది. ఉడుమలపేట ప్రాంతంలో గాలిమరలు వరుసలుగా నిలిచి తిరుగుతూ ఉంటవి. పడమటి కనుమలలో పాలక్కాడు దగ్గర పెద్ద సందు ఉన్నది. నైరుతి ఋతువులో గాలి ఆ సందులో దూరి ఇటువైపు దూకుతుంది. ఆడిగాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని ఇక్కడివారి సామెత. ఈ గాలితో మాకు తరువాత పని పడబోతున్నదని అప్పుడు తెలియదు.

మన పెద్దలు ఈ దేశానికి ఎట్లు వచ్చిరో అందరూ విన్నదే. విశ్వనాథ నాయకునితో 1529 ప్రాంతంలో మధురలో నాయకరాజ్యం మొదలైనది. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు పక్కగానే మేము రోజూ ఆఫీసుకు పోతాము, తలెత్తి చూడనైనా చూడము. ఆ రాజ్యమును డెబ్బదిరెండు పాళయములుగా పంచినారు. మన పాలెమే ఇక్కడ పాళయము. కోయంబత్తూరు చుట్టూ ఏ ఊరి పేరు విన్నా తోకగా అదే ఉంటుంది. అక్కడి నల్లరేగడిలో ప్రత్తి పండించిన మనవారే తరువాత మిల్లులూ పెట్టారు. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో లక్ష్మీ మిల్లు స్థాపించారు. జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు కలిసి 1937లో విద్యుత్ మోటారు తయారుచేశారు. మా మామ ఇంత గొప్పవాడు కాడు గాని, ఒక నూలు మిల్లులో ఫిట్టరుగా చేరి, మెయింటెనెన్సు పెద్దగా దిగిన మనిషి. ముప్పైయారు సంవత్సరాలు స్పానరు పట్టిన చేయి అది.

మరునాడు తెల్లవారుజామున మామ వెంట మేమూ కారెక్కాము. పోదనూరు దాటి చెట్టిపాళయం దగ్గర గోల్ఫు మైదానం ఉన్నది. సభ్యుడైన ఒక మిత్రుని అతిథిగా మామకు అక్కడ ప్రవేశం. గోల్ఫు దొరల ఆట అని మన ఇండ్లలో ఒక తేలిక భావం ఉన్నది. నిజమే, కలకత్తాలో 1829లోనే దొరలు క్లబ్బు పెట్టారు. మా మధురకు దగ్గరలో కొడైకెనాలులో 1895లో పెట్టారు. కాని ఇప్పుడు ఆడేవారందరూ మనబోటివారే. మన పంచెకట్టు పెద్దమనిషి ఒకాయన అక్కడ పంట్లాము తొడిగి, నడుము పట్టుకొని వంగి బంతి పెట్టుకోవడం చూస్తే మాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది.

పక్కగా డ్రైవింగు రేంజి అని ఒక చోటు. అక్కడ ఆట లేదు, అభ్యాసం మాత్రమే. చాపలాటి పట్టామీద నిలబడి, బుట్టెడు బంతులు ఒకటి తరువాత ఒకటి ఎదుటి బయలులోకి కొట్టడమే. బంతి బరువు 46 గ్రాములకు లోపు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తక్కువ కారాదు. చూడబోతే ఒక నిమ్మకాయ. మామ మొదటి బంతి కొట్టాడు. తిన్నగా బయలుదేరింది, సగం దూరం పోయి, ఎవరో పిలిచినట్టు కుడికి తిరిగి తుమ్మచెట్లలో పడింది. రెండవదీ అంతే. పదవదీ అంతే. దీనినే స్లైసు అంటారట.

"చూస్తివా అల్లుడా! మూడేండ్లుగా ఇదే. కుడికి పోతా ఉండాది గదా అని నేను ఎడమకు తిరిగి నిలబడతాను. అప్పుడు ఇంకా ఎక్కువ పోతుంది" అన్నాడు మామ.

గుమాస్తాకు చేతిలో పుస్తకం లేకుంటే తోచదు. మేము చిన్న నోటుబుక్కు తీసి కుడి, ఎడమ, తిన్న అని మూడు గళ్ళు గీసి కూర్చున్నాము. మొదటినాడు 50 బంతులలో తిన్నగా పోయినవి 3.

ఆ రాత్రి వరండాలో మామ అసలు సంగతి చెప్పాడు. మా బావమరిది అమెరికాలో టెక్సాసులో ఉద్యోగం. మూడేండ్ల క్రితం వచ్చినప్పుడు తండ్రీకొడుకులు చెట్టిపాళయం పోయినారు. తండ్రి బంతులన్నీ తుమ్మచెట్లలోకి పోతుంటే కొడుకు నలుగురి ముందు నవ్వి, వెనుకనుంచి వచ్చి తండ్రి చేతులు రెండూ పట్టి, "అట్ల కాదు నాన్నా, ఇట్ల" అని సర్దినాడట. "నేను వానికి సైకిలు నేర్పించినప్పుడు ఇట్లనే వెనుక పట్టుకొన్నానురా. వాడు మంచికే చేసినాడు. నాకే ఎట్లో అయిపోయింది" అన్నాడు మామ. ఆ తరువాత కొడుకు పిలిచినా మామ పోలేదు. ఫోనులో కూడ వాతావరణం, మందులు తప్ప మాట లేదు. వచ్చే డిసెంబరులో కొడుకు పదిరోజులు వస్తున్నాడు. ఒక్క బంతి అయినా వాని ముందు తిన్నగా కొట్టవలెనని ఈయన పట్టుదల. అత్తకు ఇదంతా తెలియదు.

రెండవ ఉదయం అక్కడ నేర్పించే యువకుడు ఒకడు మామ వెనుక కొంతసేపు ఊరక నిలబడి, రెండే మాటలన్నాడు: "పిడి తప్పు." తమిళంలో అన్నాడో తెలుగులో అన్నాడో మాకు నేటికీ తెలియదు. రెంటా అదే మాట గదా!

అతడు చెప్పినది మాకు అర్థమైనంతలో వ్రాస్తున్నాము. బంతి మొదట ఏ దిక్కున బయలుదేరునన్నది ముఖ్యంగా కర్ర ముఖం చూచే దిక్కును బట్టి ఉంటుంది. గాలిలో ఎటు వంగునన్నది ఆ ముఖానికీ, కర్ర నడిచే దారికీ ఉన్న తేడాను బట్టి. పాత పుస్తకాలు కొన్ని దీనిని తలక్రిందుగా చెప్పినవి. రాడారు పరికరాలు వచ్చిన తరువాతనే సందేహం తీరింది. మామ ఎడమకు తిరిగి నిలబడగానే కర్ర బయటినుంచి లోపలికి బంతిని కోసుకొంటూ వచ్చేది. ముఖం మాత్రం దారికి కుడిగా తెరుచుకొనే ఉండేది. అందువలన బంతి పక్కకు సుడి తిరుగుతూ పోయేది. తిరిగే బంతిని గాలి ఒక పక్కకు నెట్టుతుందని 1852లో మాగ్నస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఎదురుగాలి అయితే ఆ వంపు ఇంకా ఎక్కువ. చెట్టిపాళయంలో ఆడిగాలి సంగతి చెప్పనేల!

ఈ విషయం చదువుతూ ఉంటే ఒక తండ్రీకొడుకుల ముచ్చట కంటబడింది. ఎడింబరోలో టైటు అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1890 దశకంలో గోల్ఫు బంతి తిరుగుడు మీద లెక్కలు కట్టి వ్యాసాలు వ్రాశాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ 1896లోనూ 1898లోనూ బ్రిటిషు అమెచ్యూరు ఛాంపియను అయినాడు. లెక్క తండ్రిది, దెబ్బ కొడుకుది. ఈ ముచ్చట మామకు చెప్పాము. ఏమీ అనలేదు గాని రెండుసార్లు చెప్పించుకొన్నాడు.

ఇక చికిత్స. మామ ఎడమచేయి కర్రమీద మరీ ఎడమకు తిరిగి ఉండేది. పైనుంచి చూస్తే ఒక్క కణుపే కనబడేది. దానిని కొంచెము కుడికి తిప్పి, రెండు మూడు కణుపులు కనబడేటట్టు పట్టించాడు ఆ యువకుడు. భుజాలు తిన్నగా పెట్టించాడు. డ్రైవరు అనే పెద్ద కర్రను సంచిలో పెట్టించి, ఏడవ నంబరు ఐరనుతో నడుము ఎత్తు వరకే సగం సగం దెబ్బలు కొట్టమన్నాడు. బంతికి అవతల, కొంచెం వెనుకగా, ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టాడు. కర్ర బయటినుంచి వచ్చిందా, పెట్టెకు తగులుతుంది. అత్త మాకు కట్టి ఇచ్చిన మైసూరుపాకు పెట్టె ఆ విధంగా అమరత్వం పొందినది. కర్ర ముఖానికి ముఖం పౌడరే పూశాడు. బంతి ఎక్కడ తగిలినదీ గుర్తు పడుతుంది. మామ గుర్తులన్నీ మడమవైపే. అదీ కుడికి తిప్పే లక్షణమేనట. నాటి లెక్క: తిన్నగా 9.

అన్నిటికంటె కష్టమైనది బిగువు. స్పానరు పట్టినట్టు పిడికిలి బిగిస్తే మణికట్టు తిరగదు, ముఖం సమయానికి మూసుకోదు. మధురలో చిత్తిర తేరునాడు జనంలో పసిబిడ్డ చేయి పట్టుకొని నడుస్తాము చూడండి. వదిలితే తప్పిపోతుంది, బిగిస్తే ఏడుస్తుంది. అంత బిగువు చాలునని మాకు తోచింది. మామతో అన్నాము. "మిల్లులో ఒక్క నట్టు వదులయితే ఎంత నష్టమో నీకేమి తెలుసు" అని కసిరాడు.

మూడవనాడు మామ ఎవరి మాటా వినక పెద్దకర్ర తీశాడు. గాలి ఎడమనుంచి కొడుతూ ఉన్నది. పిడికిలి మళ్ళీ బిగిసింది. తిన్నగా 2. మైసూరుపాకు పెట్టె నుజ్జయింది. తిరుగుదారిలో కారులో ఎవరమూ మాట్లాడలేదు. మేము కూడ నాడు ఒక బంతి కొట్టబోయి గాలిని మాత్రమే కొట్టినామని ఇక్కడ ఒప్పుకొంటున్నాము.

నాలుగవ ఉదయం మామ తానుగా చిన్నకర్ర తీశాడు. అడుగకుండానే ఇంకొక అట్టపెట్టె పెట్టుకొన్నాడు. ప్రతి దెబ్బకు ముందు వ్రేళ్ళు ఒకసారి విప్పి మళ్ళీ మూసేవాడు. సగం దెబ్బ, సగం దెబ్బ, చివరి పదీ పూర్తి దెబ్బలు. తిన్నగా 21. తుమ్మచెట్లలోకి పోయినవి 12. మిగిలినవి ఎడమకు. ఎడమకు పోయిన మొదటి బంతిని చూసి మామ చిన్నపిల్లవాడివలె నవ్వినాడు. మూడేండ్లలో ఆయన బంతి ఎడమకు వంగడం అదే మొదలట.

నోటుబుక్కు మామ దగ్గరనే వదిలి, ఆదివారం రైలులో మధుర చేరుకొన్నాము.

జనవరి మొదటి వారంలో మామ ఫోను చేసినాడు. మా బావమరిది వచ్చి పోయినాడు. ఇద్దరూ చెట్టిపాళయం పోయినారు. "మొదటి బంతి తుమ్మచెట్లలోకే పోయింది అల్లుడా. వాడు నోరెత్తలేదు. నేనే చెప్పినాను, పిడికిలి బిగిసిందిరా అని. మళ్ళీ విప్పి పట్టుకొన్నాను" అన్నాడు.

"రెండవది?" అని అడిగాము.

"అది పోయింది లే, తిన్నగనే. అది కాదు సంగతి. కొంతసేపయినాక వాడు తన కర్ర నా చేతికిచ్చి, 'నాన్నా, నాదీ నడుమ నడుమ కుడికి పోతా ఉండాది, నా పిడి ఒకసారి చూడు' అన్నాడు."

"చూసితివా?"

"చూస్తిని. బిగువు ఎక్కువ. మా వంశమే అంత" అని, ఇంకొక కొత్త నోటుబుక్కు పంపమని చెప్పి ఫోను పెట్టేసినాడు.