కొండపల్లిలో ఏనుగుకి రెండో పూత

ఎగ్జిబిషన్‌లో బేరమాడి, వంద తగ్గించి మరీ కొన్న కొండపల్లి అంబారీ ఏనుగు. నెల తిరక్కుండానే తొండం మీద రంగు పెచ్చులూడింది. దాన్ని సంచిలో పెట్టుకుని విజయవాడ నుంచి బస్సెక్కా.

కొండపల్లిలో ఓ ఇంటి అరుగు మీద బొమ్మలకు రంగులేస్తున్న పెద్దాయన దాన్ని గోటితో గీకి చూశారు.

‘‘రంగుది కాదు బాబూ, తొందరది తప్పు.’’

తెల్ల పొణికి చెక్క బాగా ఆరాలి. తొండం అతికిన మక్కు, అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, అదీ ఆరాలి. పైన సున్నప్పూతా అంతే. తడి మీద అక్రిలిక్ వేస్తే పైపొర గబుక్కున ఆరిపోతుంది, లోపలి చెమ్మ దాన్ని లేపేస్తుంది. చిక్కగా ఒక్కసారి కాదు, పల్చగా రెండుసార్లు వేయాలట.

‘‘ఎప్పుడిస్తారు బాబాయ్?’’

‘‘రేపు. ఆరాలిగా!’’

నేను తగ్గించిన ఆ వంద... బహుశా ఆరబెట్టాల్సిన ఆ ఒక్క రోజుదేనేమో!