ముసలి వీరుల కడపటి యాత్ర

వీరుడనగానే మన కనుల యెదుట నిలుచునది యౌవనవంతుని రూపము. వెడల్పైన ఱొమ్ము, నల్లని మీసము, చేత ఖడ్గము: ఇంతయు నున్నగాని బాలురు వానిని వీరుడని యొప్పుకొనరు. కథ ముగియగానే వీరుడు రాజ్యమేలుచు సుఖముగ నుండెనని చెప్పి కవి తప్పించుకొనును. ఆ తరువాత వాని మోకాళ్లు నొచ్చెనా, పండ్లు కదలెనా, కవచము నడుమునకు చాలకపోయెనా యని యెవ్వరును అడుగరు. నలుబది యేండ్లు దాటి, సులోచనములు పెట్టుకొననిదే హాజరుపట్టీలోని పేళ్లు కనబడకపోవుట మొదలైన నాటినుండి నాకు ఈ ప్రశ్నలయందు మిక్కిలి ఆసక్తి కలిగినది.

వెదకి చూడగా మన పూర్వులు ముసలి వీరులను మరువలేదని తెలిసినది. రామాయణమున కిష్కింధాకాండము తుదియందు వానరులు సముద్రతీరమున చేరి, ఎవరెంత దూరము దుముకగలరో వరుసగా చెప్పుకొందురు. గజుడు 10 యోజనములనెను. గవాక్షుడు 20 అనెను. ఇట్లు సంఖ్య పెరుగుచు వచ్చి సుషేణుని యొద్ద 80 అయినది. అప్పుడు జాంబవంతుడు, పడుచుదనమున తాను త్రివిక్రమునికి ప్రదక్షిణము చేసితిననియు, ఇప్పుడు ముసలితనమువలన 90 యోజనములు మాత్రమే పోగలననియు చెప్పెను. లంకకు 100 యోజనములు! ఈ భాగము చెప్పినపుడెల్ల మా తరగతిలో పిల్లలు నవ్వుదురు. ఒక్క మార్కు తక్కువై తప్పినవాని దుఃఖము వారికి తెలియును గదా! అయితే ఆ వృద్ధుడు అంతటితో ఊరకుండలేదు. ఒకచోట మౌనముగ కూర్చున్న హనుమంతుని జూచి, అతని జన్మవృత్తాంతమును, అతని బలమును అతనికే జ్ఞప్తిచేసెను. సముద్రము దాటినది హనుమంతుడు, దాటించినది జాంబవంతుడు.

బైబిలులోని కాలేబును చూడుడు. నలుబది యేండ్ల ప్రాయమున వేగుచూడబోయిన యతడు, 85 యేండ్ల వయస్సున యెహోషువ యెదుట నిలిచి, ఉన్నతదేహులగు అనాకీయులు కాపురముండు కొండసీమను తనకిమ్మని అడిగెను. నీడగల చెట్టును, నులక మంచమును అడుగలేదు. అడిగినది హెబ్రోను, పొందినదియు హెబ్రోనే.

ఇటీవలి ఇంగ్లీషు హాస్యగ్రంథములందును ఇట్టివారు కలరు. టెర్రీ ప్రాచెట్ 2001లో వెలువరించిన ‘ది లాస్ట్ హీరో’ అను కథలో, కోహెన్ అను పండుటాకువంటి వీరుడును అతని ముదుసలి మిత్రులును, పూర్వము దేవతలనుండి దొంగిలింపబడిన నిప్పును తిరిగి యిచ్చివచ్చెదమని కడపటి యాత్రకు బయలుదేరుదురు. తమ గాథను పాడుటకై యొక గాయకుని బలాత్కారముగ వెంటగొనిపోవుదురు. ఇది చదివి నేను చాల నవ్వితిని. కాని యోచింపగా, అది వట్టి హాస్యము కాదు. తమ కథను విని జ్ఞప్తియందుంచుకొనువాడు లేనిచో యాత్ర ఫలింపదని ముసలి వీరులకు బాగుగ తెలియును.

ఇట్టి యాత్ర యొకటి మన సమీపముననే జరిగినది. మేడ్చలునకును శామీరుపేటకును నడుమ నున్న యొక పల్లెలో పూర్వము యక్షగానమాడు మేళము ఒకటి యుండెడిది. పొలములు ఇండ్ల స్థలములైనవి, ఔటర్ రింగు రోడ్డు మీది లారీల చప్పుడు రాత్రులందును వినబడుచున్నది, మేళము చెదరిపోయినది. భీముడు మేడ్చలులోని యొక కర్మాగారమునకు కావలివాడయ్యెను. ద్రౌపది వేషధారి బఱ్ఱెలను మేపుకొనుచుండెను. హనుమంతుడు ఇంటి అరుగుమీద కూర్చుండెను. పాటల పుస్తకమును ఎవరికైన అప్పగింపవలెనని వారు ఇల్లిల్లు తిరిగిరిగాని, పడుచువారెవ్వరును ముందుకు రాలేదు. అప్పుడా వృద్ధులు, “మనమే యొక్కసారి ఆడి చూపుదము” అని నిశ్చయించుకొని, హార్మోనియము తిత్తికి అతుకులు వేయించిరి.

నిరుడు వేసవిలో ఆడినది సౌగంధిక పుష్పము కథ. ద్రౌపది కోరిన పువ్వునకై పోవు భీముని త్రోవకడ్డముగ హనుమంతుడు ముసలి కోతివలె పరుండి, తన తోకను ఎత్తి ప్రక్కకు పెట్టి పొమ్మనును. భీముడు ఎత్తలేక గర్వభంగము పొందును. ఆనాడు భీమవేషధారి వంగెను. నడుము పట్టుకొని మరల లేవలేకపోయెను. హనుమంతుడు సాయపడబోయెనుగాని, మోకాళ్లు సహకరింపలేదు. జనులు విరగబడి నవ్విరి. హనుమంతుడు మాత్రము తడబడక, “తమ్ముడా, తోక మాట తరువాత; ముందు నన్ను లేవనెత్తుము!” అనెను.

ఆ హనుమంతుని మనుమడు మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థి. తాత వేషగాడని తోటివారు వెక్కిరింతురని యింతకాలము ఆ సంగతి దాచినవాడు. ఆ రాత్రి అతడు వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుండెను. నవ్వులు హెచ్చగా చివాలున లేచి, ముందుకు నడచి, ఒక చేయి తాతకును ఒక చేయి భీమునికిని అందించెను. తాత, “నకులుడా! ఈ ఘట్టమున నీకు వేషము లేదు. అయినను వచ్చితివి, మేలు!” అనెను. జనులు మరల నవ్విరిగాని, ఈ నవ్వు వేఱు. బాలుడును నవ్వెను. కథ ముగియువరకు తాత ప్రక్కనే నిలిచి తోకను మోసెను.

పాటల పుస్తకమిప్పుడు వాని సంచిలో నున్నది. చూపు తగ్గిన తాతకు అతడు చదివి వినిపించును. తాత రాగము చెప్పును. మఱి యిద్దరు బాలురు సెలవుదినములందు వచ్చి కూర్చుండుచున్నారు. ముగ్గురితో మేళము నిలుచునని నేను చెప్పజాలను. కాని తరగతిలో పద్యము చదువుమనిన నేల చూపులు చూచెడి బాలుడు ఇపుడు చివరి బల్లవఱకు వినబడునట్లు చదువుచున్నాడు. ఉపాధ్యాయునకు ఇంతకంటె నేమి కావలెను?

బాలబాలికలారా, ముసలివారి తడబాటును చూచి నవ్వు వచ్చిన నవ్వుడు, వారును నవ్వుదురు. కాని నవ్విన పిమ్మట కొంచెము దగ్గరగ కూర్చుండి, వారేమి నేర్చిరో అడుగుడు. ప్రతి యింటను 90 యోజనములు దాటగల జాంబవంతు డొకడుండును. తక్కిన పదియు మీ వంతు.