ఏ నెలకు ఏ చెట్టు కల్లు

ద్రాక్షతో చేసే వైన్‌ను ఎన్నేళ్లు దాస్తే అంత విలువంటారు. నేను గీసే కల్లుకు ఆ వీలు లేదు. తెల్లవారుజామున దించింది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి పుల్లనీళ్లవుతుంది. దాచడానికి లేదు కాబట్టి దించిన పూటే ఇంటికి తేవాలి, ఉన్నవాళ్లందరూ కూర్చుని పంచుకోవాలి. మా ఇళ్లల్లో కల్లుకున్న మర్యాద అక్కడినుంచి వచ్చిందే అని నా నమ్మకం.

మాది సాలూరు మండలంలో కొండల అంచున ఉన్న ఊరు. యాత కులస్తులం. మా తాత గీసిన తాళ్లు మా నాన్న గీశాడు, వాటిలో మిగిలినవి నేను గీస్తున్నాను. సాలూరంటే బయటివాళ్లకు లారీలే గుర్తొస్తాయి. సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్, రాయపూర్ పోయే లారీలు, వాటికి బాడీలు కట్టే షెడ్లు. మాకు మాత్రం సాలూరంటే వేగావతి ఒడ్డున, పొలం గట్ల మీద నిలబడ్డ తాళ్లు, ఈతలు. వాటి పైన కొండల్లో జీలుగులు.

కల్లంతా ఒకటే అనుకునేవాళ్లకు మొదట చెప్పాల్సింది, ఏ నెలకు ఆ నెల చెట్టు వేరని. కార్తీకం దాటి చలి పట్టాక ఈత మొదలవుతుంది. మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టి, చెక్కు తీసి, కొన్నాళ్లు ఆరనిచ్చి కోత పెడతాం. మూడు రోజులు గీస్తే మూడు రోజులు చెట్టును వదిలేయాలి. వదిలాక మొదటి రాత్రి కారే రసం ఉంటుందే, దాని తీపి ఇంకే కల్లుకూ రాదు. ఈ ఏడు ఒక పక్క గీస్తే వచ్చే ఏడు ఎదుటి పక్క గీస్తాం. ముసలి ఈత మాను మెలికలు మెలికలుగా కనిపించేది అందుకే. ఆ మెలికలు లెక్కపెడితే దాన్ని ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది.

చలికాలం చివర్లో పోతు తాడి (మగది), ఎండలు ముదిరాక పండు తాడి (ఆడది). పోతు తాడి కల్లు పలచన, వాసన ఎక్కువ. పండు తాడి కల్లు చిక్కన, ఒంటికి చలవ. మా అమ్మ పండు తాడిదే అడుగుతుంది, అదీ కొత్త కుండలో పట్టింది. పాత కుండ అడుగున నిన్నటి మడ్డి ఉంటుంది. కల్లును పులియబెట్టే ఈస్టు అందులో దండిగా ఉంటుంది. పాత కుండలో పట్టిన రసం చెట్టు దిగేలోపే నురుగు కడుతుంది. అదే చెట్టు, అదే గెల, కడిగి ఎండబెట్టిన కుండ కడితే తీపి పోకుండా ఉంటుంది. మా బావకు పాత కుండది కావాలి. ఇద్దరి కోసం ఒకే చెట్టుకు రెండు కుండలు కడతాను.

పిల్లలకు కల్లు పోయం. వాళ్లకు నీరా. లోపల సున్నం పూసిన కుండ కట్టి, పొద్దు పొడవకముందే దించేస్తే రసం పులియదు. దాన్ని కాచితే బెల్లమవుతుంది. ఈ నీరా మీద, జీలుగు మీద రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. సంతోషమే. తాడి చెట్టు నీళ్లకు నగరంలో ఆ గౌరవం దక్కడం నాకు చాలా నచ్చింది.

ఇక గీత. మోకు నడుముకు వేసి, కాళ్లకు బందం తగిలించి ఎక్కడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పనితనమంతా పైకెక్కాక గెల చివర ఉంటుంది. పోతు తాడి గెలల్ని కొన్నాళ్లు చెక్కల మధ్య మెల్లగా నొక్కి, కలిపి కట్టి, కొస కోసి ధార తెప్పించాలి. ఆ తర్వాత పొద్దునా సాయంత్రం ఎక్కి కొస చెక్కాలి. తీసే పొర ఉల్లిపొర కంటే మందం ఉండకూడదు. మందంగా చెక్కితే గెల త్వరగా కరిగిపోతుంది, చెక్కకపోతే కోత మూసుకుపోయి ధార ఆగిపోతుంది. కత్తిని చెక్క మీద పలుగురాతి పొడి చల్లి నూరుతాం. మొద్దు కత్తి గెలను నలుపుతుంది. నలిగిన గెల రసం వాసన వేస్తుంది. ధార చుక్కచుక్కగా పడుతున్న చోట కోత తెల్లగా, తడిగా మెరవాలి. ఎర్రబారిందంటే ఆ గెల పని అయిపోతోందని గుర్తు.

కుండ మూతికి వల గుడ్డ కట్టడం కూడా గీతలో భాగమే. రాత్రిపూట గబ్బిలాలు, మానుపిల్లులు రసానికి వస్తాయి. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత రసం ద్వారానే గబ్బిలాల నుంచి మనుషులకు నిపా వైరస్ సోకిందని తేలింది. ఆ మాట విన్నాక మూత కట్టని కుండను మా ఇంటి గడప దాటనివ్వలేదు.

ఇంతకీ నాకు ఏది ఇష్టమంటే, జీలుగు. సంకోచం లేకుండా చెబుతాను. అది మా గీత కాదు, కొండమీది గీత. పాచిపెంట, సాలూరు కొండల్లో జాతాపులు, కొండదొరలు, సవరలు గీస్తారు. జీలుగులు వాళ్లకు కుటుంబ ఆస్తి. ఏ చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు. కణుపుల దగ్గర కొమ్మల మోళ్లు వదిలిన నిలువు వెదురును మానుకు కట్టి, ఆ మోళ్ల మీద అడుగులేసి ఎక్కుతారు. మోకు వాడే నాలాంటివాడికి మొదట్లో అది చూస్తేనే గుండె జారేది.

కందికొత్తల పండగ రోజుల్లో కొండమీది మా నేస్తం కబురు పెడతాడు. 'ఇయ్యాల సెట్టు బాగా కారతంది, ఇంటోలందర్నీ తీసుకొచ్చీయి' అంటాడు. చెట్టు కిందే అందరూ గుండ్రంగా కూర్చుంటాం. మొదటి చుక్కలు నేలకు, పెద్దలకు. తర్వాత ఆనపబుర్రతో అడ్డాకు డొప్పల్లోకి పోస్తారు, ముందు ముసలివాళ్లకు, ఆ తర్వాత ఆడవాళ్లకు, మాకు. నంజుకోవడానికి కాల్చిన పెండలం, ఉడికించిన కందికాయలు, ఎండుచేప. మొదటి గుక్కలో పాలలాంటి తీపి, గొంతు దిగాక కొంచెం చేదు. తాడి కల్లుకు లేని చేదు అది. ఆ చేదే నాకు ఇష్టం. కుండ ఖాళీ అయితే లేచిపోతాం. ఇంకో కుండ కోసం ఎవరూ అడగరు, సాయంత్రం మళ్లీ ఎక్కేదాకా చెట్టు దగ్గర ఇంకో కుండ ఉండదు.

జీలుగు సంగతి ఇంకొకటుంది. అది జీవితంలో ఒక్కసారే పూతకొచ్చే చెట్టు. పదేళ్లు దాటాక పై నుంచి మొదలుపెట్టి, ఒక్కో గెల కిందకు దిగుతూ కొన్నేళ్లపాటు పూస్తుంది. అట్టడుగు గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. మాను లోపలి పిండిని కూడా జావ కాచుకుని బతికారు కొండల్లోని పాతకాలం వాళ్లు. ఒడిశా వైపు కోరాపుట్‌లో దీన్నే సలప అంటారు. శ్రీలంకలో కితుల్ అని దీని రసం నుంచే పానకం, బెల్లం చేస్తారు. గీసే చెట్టు ఎప్పటికైనా పోయేదే కాబట్టి, కింద మొక్క లేకపోతే ఆ ఇంటికి జీలుగు తీరిపోయినట్టే. మా నేస్తం తండ్రి ప్రతి ముసలి చెట్టు దగ్గరా పిల్ల మొక్కలకు కంచె కట్టేవాడు. ఇప్పుడు పోడు జీడితోటలుగా మారిన చోట్ల ఆ కంచెలు కనిపించడం లేదు.

కల్లుకు చెడ్డపేరు తెచ్చింది చెట్టు కాదు, మందు కలిపిన కల్లు. క్లోరల్ హైడ్రేట్, నిద్రమాత్రల పొడి నీళ్లలో కలిపి కల్లని అమ్మేవాళ్లున్నారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కూలినాలి చేసుకునేవాళ్లు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. వందల మందికి సరిపడా కల్లు ఒక్క దుకాణంలో రోజంతా దొరుకుతోందంటే, అన్ని చెట్లు ఎక్కడున్నాయని ఒక్కరైనా అడగాలి కదా.

2022లో వచ్చిన విధానంలో మా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కల్లు అద్దెలు రద్దు చేసింది. టి.ఎఫ్.టి. (గీసేవాడికే చెట్టు) లైసెన్సు ఉన్న నాలాంటివాడికి అది నిజమైన మేలు. 2025లో మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకు కేటాయించారు. అదీ మంచిదే, కానీ అది సీసాలు అమ్మే పని. చెట్టెక్కే చేయి, చెక్కే కత్తి దానితో నిలబడవు. తాడి గీతకు రావాలంటే పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది, పూతకొచ్చేదాకా అది పోతో పండో కూడా తెలియదు. అలాంటి చెట్టును ఇటుక బట్టీకి ఒక్క పూటలో కొట్టేస్తున్నారు.

మీ గట్టు మీద తాడి ఉంటే కొట్టించకండి. కొండ వైపు చోటున్నవాళ్లు జీలుగు విత్తనాలు వేయండి. పండు గుజ్జు తగిలితే దురద పుడుతుంది, చేతికి గుడ్డ చుట్టుకుని ఒలవండి. చలికాలంలో సాలూరు వైపు వస్తే పొద్దున తొమ్మిదిలోపు రండి, ఇంటివాళ్లతో కలిసి రండి. ఏ చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు అని అడిగి, జవాబు దొరికితేనే తాగండి.