జూదం కాని జూదం

కరెంటు పోయింది. ములకలపల్లిలో ఓ ఇంటి అరుగు మీద తాత సుద్దముక్క తీశాడు. కొండలాంటి ముక్కోణం, దాని మీద అడ్డగీతలు. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. మనవడు ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

"పరీక్షలు పెట్టుకుని జూదమేంట్రా?" లోపల్నుంచి అమ్మ కేక.

తాత నవ్వాడు. చిన్నప్పుడు ఆయన్నీ ఇదే మాట అన్నారు. పులిజూదం... పేరులోనే తిట్టు! నిజానికి ఇందులో పాచికల్లేవు, గవ్వల్లేవు. పందెమూ అక్కర్లేదు. 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. మిగతాదంతా బుర్రే!

పండితులూ దీన్ని మరోలా చూశారు. చదరంగానికి పుట్టిల్లు మన దేశమేనని 1913లో పెద్ద పుస్తకం రాసిన బ్రిటిష్ పరిశోధకుడు హెచ్.జె.ఆర్. మర్రే, 1952లో మిగతా ఆటల చరిత్రా రాశాడు. అందులో యుద్ధ క్రీడలది ఒక వరుస, వేట ఆటలది మరో వరుస. రెండు పక్షాల బలం సమానమైతే యుద్ధం. ఒక పక్క కొద్దిమంది, మరో పక్క ఎక్కువమంది ఉంటే వేట. ఆ లెక్కన మన పులి-మేక, 4 పులులు 20 మేకలుండే నేపాల్ 'బాగ్‌చాల్' వేట ఆటలే.

పులుల వైపు కూర్చుంటే వేటే. మరి మేకల వైపు కూర్చుంటే?

మేకకు దూకడం రాదు, చంపడం రాదు. పదిహేనూ దిగేదాకా ఒక్కటీ కదలకూడదు. దానికున్న బలమల్లా పక్కనున్న మరో మేకే! వెనక చోటు ఖాళీగా ఉంటేనే పులి దూకేది. అది నిండితే పులి ఆగాల్సిందే. కిన్నెరసాని అడవుల చేరువలో మేకల్ని మేపిన తాతకు ఆ సంగతి వేరే చెప్పాలా? ఒంటరిగా వెళ్లిన మేక తిరిగి రాదు.

"నువ్వెప్పుడూ మేకలే ఎందుకు తీసుకుంటావురా?"

"పులితో ఎవరైనా గెలుస్తారు తాతా!"

నాలుగు మేకలు పోయాయి. రెండు పులులకు దారి మూసుకుపోయింది. మూడోదానికి ఒక్కటే సందు. మనవడి చెయ్యి తప్పు గింజ మీదికి వెళ్లింది.

"ఒరేయ్, అది కాదురా! ఈ పక్కది జరుపు!"

గరిటెతో గుమ్మంలో నిలబడింది అమ్మ. ఎప్పట్నుంచి చూస్తోందో!


తాత పులులు కట్టుబడ్డాయి.