ఏ ఊరు తల్లీ మీది?

మాది గుమ్మలక్ష్మీపురం మండలంలో కొండ మీద ఒక గూడెం. జాతాపు కుటుంబం. నేను డి.ఎడ్. పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మా ఆయనకు మలేషియాలో ఉద్యోగం వచ్చింది. పాలిటెక్నిక్ చదివిన మనిషి, పైపులైన్ పనిలో సూపర్‌వైజర్. అలా రెండేళ్లు కౌలాలంపూర్‌లో కాపురం ఉన్నాం. 2011లో ఓ ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని బటు కేవ్స్‌లోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లాం. ఆ రోజు అక్కడ నేనొక అబద్ధం చెప్పాను. ఆ సంగతి మన పిల్లలకు, తోటి టీచర్లకు చెప్పాలని ఇన్నాళ్లకు రాస్తున్నాను.

పులిహోర కట్టుకుని పొద్దున్నే రైలెక్కాం. స్టేషన్ దిగగానే ఎదురుగా కొండ. మన కొండల్లా మెల్లగా పైకి లేచేది కాదు, గోడలా నిటారుగా నిలబడి ఉంది. మలయ్ భాషలో బటు అంటే రాయి. అది సున్నపురాయి కొండ. లక్షల ఏళ్ల వాననీరు రాతిని కరిగించి లోపల పెద్ద పెద్ద గుహలు తొలిచింది. కొండ ముందు బంగారు రంగులో 140 అడుగుల మురుగన్ విగ్రహం, పక్కనే 272 మెట్లు. ఆ మెట్లకు ఇప్పుడు ఫొటోల్లో కనబడే రంగులు అప్పటికి లేవు. 2018లో వేశారు.

ఏడేళ్ల మా అబ్బాయి మెట్లు లెక్కపెడుతూ ముందు నడిచాడు. పాపను మా ఆయన ఎత్తుకున్నారు. సగం దూరంలో ఒక కోతి వచ్చి పులిహోర సంచీ లాక్కుపోయింది. పిల్లలు నవ్వు, నేను ఏడుపు. కొండ ఎక్కడం మాకు కొత్త కాదు కాబట్టి ఆయాసం లేకుండానే పైకి చేరాం.

లోపల గుహ చాలా ఎత్తు. పైన రాయి తెరుచుకున్న చోటు నుంచి వెలుగు పడుతోంది. అక్కడ 1891లో తంబుసామి పిళ్లై అనే తమిళ పెద్దమనిషి స్వామిని ప్రతిష్ఠించారు. మరుసటి ఏడాది నుంచి తైపూసం పండగ జరుగుతోంది. పండగనాడు లక్షల మంది వస్తారు, వాళ్లలో ఎంతోమంది కావడి మోసుకుని ఆ మెట్లు ఎక్కుతారు.

దర్శనం అయ్యాక ఓ పక్కన కూర్చున్నాం. మా మాటలు విని ఒక ముసలాయన దగ్గరికొచ్చాడు.

"ఏటి తల్లీ, తెలుగోళ్లా?"

ఆ "ఏటి" వినగానే నా ప్రాణం లేచొచ్చింది. వాళ్ల తాత తెల్లవాళ్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల పనికి వచ్చాడట. ఆ రోజుల్లో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి అలా ఎంతోమంది వెళ్లారు. ఈయన అక్కడే పుట్టాడు. మన దేశం ఎన్నడూ చూడలేదు, మాట మాత్రం మన వైపుదే.

"ఏ ఊరు తల్లీ మీది?" అన్నాడు.

"పార్వతీపురం" అన్నాను.

మా గూడెం నుంచి రెండు బస్సులు మారితే గానీ ఆ టౌను రాదు. అయినా ఆ మాట నా నోటికి అలవాటైపోయింది. డి.ఎడ్. చదివేటప్పుడు హాస్టల్లో మొదటి రోజు గూడెం పేరు చెప్తే ఒకమ్మాయి "కొండోళ్లా?" అని పక్క పిల్లతో కలిసి నవ్వింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా మాది పార్వతీపురమే. సముద్రం దాటినా ఆ భయం నాతోనే వచ్చింది.

"మనది గూడెం కదమ్మా?" అన్నాడు మావాడు. వాడి చెయ్యి గట్టిగా నొక్కాను. మా ఆయన తల తిప్పుకున్నారు.

ముసలాయన ఇదేమీ గమనించలేదు. పిల్లలకు స్వామి కథ మొదలుపెట్టాడు. "స్వామికి ఇద్దరు పెళ్లాలు. దేవసేన ఇంద్రుడి కూతురు. వల్లమ్మ కొండల్లో వేటగాళ్ల దొర పెంచిన పిల్ల. కొర్రచేను కాపలా కాసేది. మంచె మీద కూర్చుని చిలకల్ని తోలేది. స్వామే ఆ చేను దగ్గరికి వెతుక్కుంటూ వెళ్లాడు."

నాకు నోట మాట రాలేదు. మా పోడు చేలో మంచె మీద డబ్బా వాయిస్తూ, వడిసెలతో రాళ్లు విసురుతూ చిలకల్ని తోలింది నేనే. బడి మానేసి కూడా కాపలా కాశాను. ఇంతమంది మొక్కే దేవుడు అలాంటి పిల్లను వెతుక్కుంటూ వెళ్లాడట. నేనేమో ఆ చేనున్న ఊరి పేరు దాచాను.

"తాతా, మాది పార్వతీపురం కాదు. గుమ్మలక్ష్మీపురం కొండ మీద గూడెం. మేం జాతాపులం. కొర్రచేను కాపలా నేనూ కాశాను" అన్నాను.

ఆయన నావైపు చూసి నవ్వాడు. "అయితే మీరు వల్లమ్మ పుట్టింటోళ్లన్నమాట!"

మావాడు ఊరుకోలేదు. "తాతా, గుడి కట్టక ముందు ఇక్కడ ఎవరుండేవాళ్లు?"

"టెమువాన్ వాళ్లు. ఒరాంగ్ అస్లీలు. గుహ ముంగిట తలదాచుకునేవాళ్లంట" అన్నాడు.

మలయ్‌లో ఒరాంగ్ అంటే మనిషి. అస్లీ అంటే మనం "అసలు" అంటామే, అదే. అసలు మనుషులు, అంటే ఆదివాసులే. వాళ్ల గురించి ఇంటికొచ్చాక చదివాను. టెమువాన్లు మాట్లాడేది మలయ్‌కు దగ్గరి భాష. మేమూ అంతే. మా పూర్వుల కువి భాష పోయి, జాతాపుల్లో ఎక్కువమందికి తెలుగే అమ్మభాష అయింది. మన భూమికి 1/70 చట్టం ఉన్నట్టు, వాళ్లకు 1954 నాటి చట్టం ఒకటి ఉంది. ఆ రోజు కొండ మీద నాకు వాళ్లలో ఒక్కరూ కనబడలేదు. ఒకవేళ ఎదురుపడినా, నాలాగే "మాది కౌలాలంపూర్" అని ఉంటే నేను ఎలా గుర్తుపట్టేదాన్ని?

తర్వాత ఊరికి తిరిగొచ్చాం. 2014 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మన కొండల్లోనే బడి చెప్తున్నాను. పరిసరాల పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని కొండ దగ్గరికి తీసుకెళ్తాను. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా దొరికే రాయికి శాస్త్రవేత్తలు ఖోండలైట్ అని పేరు పెట్టారు. అది ఖోండుల పేరు, మా జాతాపులకు అన్నదమ్ముల వరసవాళ్ల పేరు. ఆ రాయి ముక్క పిల్లల చేతిలో పెట్టి ఈ సంగతి చెప్తాను. మీ కొండను ఇంట్లో ముసలివాళ్లు ఏ పేరుతో పిలుస్తారో, జాకరమ్మకు ఎక్కడ మొక్కుతారో అడిగి రాసుకు రమ్మంటాను. సవర పిల్లలైతే సవర మాటలోనే రాస్తారు. నాకు రాని మాటల్ని వాళ్ల దగ్గరే నేర్చుకుంటాను.

పిల్లల్ని ఆటల పోటీలకు పార్వతీపురం తీసుకెళ్లే ముందు రోజు ఒక చిన్న అభ్యాసం కూడా చేయిస్తాను. ఒక్కొక్కరినీ నిలబెట్టి "ఏ ఊరు తల్లీ మీది?" అని అడుగుతాను. మండలం పేరు తర్వాత, ముందు గూడెం పేరు చెప్పాలి. మొదటిసారి గొంతు లేవదు. రెండోసారి కొంచెం నయం. మూడోసారికి ఆ పేరు పక్క గదిలోకి కూడా వినబడుతుంది.