బుడగలు చూపే దారి

శిశువు భూమి మీద పడగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఆడా, మగా అన్నది. అనుభవం గల నర్సు మరొక సంగతి కూడా చూస్తుంది: మలద్వారం ఉన్నదా, లేదా? సుమారు 5,000 మందిలో ఒక శిశువుకు అది ఉండదు. లేదా ఉండవలసిన చోట ఉండదు. ప్రేవు కొస లోపలే మూసుకొని ఉంటుంది. తరచు అక్కడి నుండి ఒక సన్నని దొంగదారి మగపిల్లలలో మూత్రనాళంలోకి, ఆడపిల్లలలో యోనిముఖం దగ్గరకు తెరుచుకుంటుంది.

ఆ కొస ఎంత లోతున ఉన్నది? ఆ దారి ఎక్కడ కలుస్తున్నది? ఇవి తెలియకుండా కత్తి పట్టితే మూత్రనాళానికీ, నరాలకూ హాని కలుగవచ్చు. ఈ బిడ్డ రేపు బడిలో తోటివారి మధ్య నిశ్చింతగా కూర్చోగలగడం కొంతవరకు ఈనాటి కొలత మీద ఆధారపడి ఉంటుంది.

1930లో అమెరికన్ వైద్యులు వాంగెన్‌స్టీన్, రైస్ ఒక ఉపాయం చెప్పారు. శిశువును తలక్రిందులుగా పట్టి ఎక్స్‌రే తీస్తే ప్రేవులోని గాలి పైకి లేచి, మూసుకున్న కొసను చూపుతుంది. కాని గాలి అంతదూరం చేరడానికి దాదాపు ఒక రోజు పట్టేది. బిడ్డ ఏడ్చినా, మలం అడ్డుపడినా కొలత తప్పేది.

1982లో పేన్యా, డి వ్రీస్ వెనుకవైపు నడిమి గీత వెంబడి కోసి, కండరాలను కళ్లారా చూస్తూ సరిచేసే శస్త్రచికిత్సను ప్రకటించారు. దానికి ముందుగా లోపలి దారుల పటం కావాలి. చాలామంది పిల్లలకు మొదట పొట్ట మీద ప్రేవును తెరచి మలం బయటికి పోయే ఏర్పాటు చేస్తారు. ఆ పైన క్రింది భాగపు రంధ్రం గుండా మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తారు. పటం చక్కగా వస్తుంది. కాని రేడియేషన్ పసికందు పొత్తికడుపు మీద పడుతుంది.

నీటిబుడగను మన పెద్దలు అశాశ్వతానికి ఉపమానంగా చెప్పారు. ఇప్పుడు కొందరు వైద్యులు ఆ బుడగనే దారి చూపేందుకు వాడుతున్నారు. కొవ్వుపదార్థపు పలుచని పొరలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన ఈ బుడగలు ఎర్ర రక్తకణం కన్న చిన్నవి. అల్ట్రాసౌండ్ తరంగం తాకగానే ఇవి కంపించి, చుట్టూ ఉన్న కండకు భిన్నమైన ప్రతిధ్వని నిస్తాయి. ఆ ద్రవాన్ని ప్రేవులోకి ఎక్కిస్తే తెర మీద వెలుగు పాకుతుంది. మూత్రనాళంలోకి దారి ఉంటే అటూ పోతుంది. ప్రేవు కొసకూ, చర్మానికీ మధ్య దూరం అక్కడికక్కడే కొలవవచ్చు. రేడియేషన్ లేదు.

2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ బుడగలను పిల్లల కాలేయ పరీక్షకూ, మూత్రం వెనుకకు మళ్లే జబ్బును కనుగొనడానికీ అనుమతించింది. మలద్వార లోపాలలో వీటి వాడుక ఇంకా కొత్తదే. తగిన యంత్రమూ, ఆరితేరిన చేయీ ఉన్నచోటనే ఇది సాధ్యం. ఎక్స్‌రే అవసరం తీరిపోలేదు.

అయితే ఏ యంత్రమైనా ఆస్పత్రికి చేరిన బిడ్డకే ఉపకరిస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడే లోపమని ఇంటివారు దాచిన ప్రతి దినమూ ఆ బిడ్డకు ప్రమాదమే. మొదటి రోజున ఒక చూపు, సంకోచం లేని ఒక మాట: చికిత్స అక్కడే ప్రారంభమవుతుంది.